మదీనాలో ఖర్జూరాల షాపు రివ్యూ: పై వరుస చూసి కొనకండి

ఉమ్రాకి (మక్కా యాత్రకి) వెళ్ళేవాళ్ళు మదీనాలో ఖర్జూరాలు ఎక్కడ కొనాలి అని అడుగుతూనే ఉన్నారు, అందుకే రాస్తున్నా. మస్జిద్ నబవీ (ప్రవక్త మసీదు) చుట్టూ హోటళ్ళ కింద షాపుల్లో గిఫ్ట్ బాక్సులు మెరిసిపోతుంటాయి గానీ రేట్లు మండిపోతాయి, నేను చెప్పేది కాస్త నడిచి వెళ్తే లూజుగా కుప్పలు పోసి కిలోల్లెక్కన అమ్మే ఒక చిన్న షాపు గురించి. బోర్డు మొత్తం అరబీ, కౌంటర్‌లో ఉండేది బంగ్లాదేశ్ అతను, మన గుంటూరు ఉర్దూ అయినా అర్థం చేసుకుంటాడు, నవ్వుతాడు అది వేరే సంగతి.

రుచి చూడనిస్తారు, అది పెద్ద ప్లస్. అజ్వా, సఫావీ, మబ్రూమ్, సుక్కరీ, అంబర్ ఏది కావాలంటే అది తిని చూడు భాయ్ అంటాడు, కొనకపోయినా మొహం మాడ్చుకోడు. జాగ్రత్త పడాల్సింది అజ్వా దగ్గరే. సఫావీ కూడా నల్లగానే ఉంటుంది, రేటేమో బాగా తక్కువ, అందుకని కొందరు దాన్నే అజ్వా అని అంటగడతారు. అజ్వా చిన్నగా గుండ్రంగా ఉండి తొక్క మీద సన్నటి తెల్లగీతలు కనిపిస్తాయి, తీపి కూడా గొంతు పట్టెయ్యదు, సఫావీ కాస్త పొడుగు. ఇదంతా ఇతనే రెండూ అరచేతిలో పెట్టుకుని చూపించాడు.

ఇంకో చోట, పేరెందుకులే, సీల్ బాక్సు కొంటే పై వరుస నిగనిగలాడుతోంది, కింద వరుసలు తీస్తే ఎండిపోయి ఉన్నాయి. ఒళ్ళు మండింది. ప్రవక్త ముహమ్మద్ (స) బజార్లో ఒకాయన ధాన్యం కుప్పలో చెయ్యి పెడితే లోపల తడి తగిలిందట, వానకి తడిసిందండీ అన్నాడట ఆ అమ్మేవాడు, మరి తడిసింది జనానికి కనపడేలా పైన పెట్టాలి కదా, మోసం చేసేవాడు మనవాడు కాదు అన్నారు ప్రవక్త. చిన్నప్పట్నుంచీ మసీదులో విన్న హదీసే (ప్రవక్త మాటలు, పనుల గురించిన కథనం), కానీ ఆ బాక్సు విప్పినప్పుడు గుర్తొచ్చినంతగా ఎప్పుడూ గుర్తురాలేదు.

అసలు ఈ షాపుకి మార్కులు వేసింది ఇంకో విషయానికి. సుక్కరీ ఎక్కువ కొనేశా, ఇంట్లో నాన్నకి షుగర్ ఉందని తర్వాత వెలిగి తిరిగెళ్ళి, ఇది తీసుకుని దీనికి సరిపడా అజ్వా ఇవ్వు అన్నా. అతను తల అడ్డంగా ఊపి సుక్కరీ తూచి, రియాల్స్ నా చేతిలో పెట్టి, ఇప్పుడు అజ్వా కొనుక్కో అన్నాడు. అదే డబ్బు మళ్ళీ అతనికే ఇచ్చా! పక్కనున్న మా చాచా చెప్పాక అర్థమైంది, ప్రవక్త సహచరుడు బిలాల్ (రజి) ఒకసారి బర్నీ అనే మంచి రకం ఖర్జూరాలు తెస్తే ఎక్కడివి అని ప్రవక్త (స) అడిగారట, మన నాసిరకం రెండు సాలు (సా అంటే ఒక కొలత) ఇచ్చి ఇవి ఒక సా తీసుకున్నా అన్నారట, ఖర్జూరానికి ఖర్జూరం ఇలా ఎక్కువ తక్కువలుగా మార్చుకుంటే అది వడ్డీ కిందకే వస్తుంది, నీవి డబ్బుకి అమ్మి ఆ డబ్బుతో ఇవి కొను అన్నారు ప్రవక్త. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి మాట ఇవాళ కౌంటర్ మీద తక్కెడ పక్కన నడుస్తోంది, అతనేమీ ప్రసంగం చెయ్యలేదు, అలవాటుగా చేశాడంతే. ఒక సా అంటే నాలుగు ముద్‌లు, ముద్ అంటే ఒక దోసిలి నిండా పట్టేంత. రంజాన్‌లో మనం ఇచ్చే ఫిత్రా దానం లెక్క కూడా ఆ సా మీదే, మన దగ్గర గోధుమలకి రూపాయలు కట్టి చెప్తారు కాబట్టి ఎవరికీ పట్టదు.

622లో ప్రవక్త (స) మక్కా నుంచి ఈ ఊరొచ్చాక కట్టిన మసీదుకి స్తంభాలు ఖర్జూర మానులే, పైకప్పు మట్టలే. అప్పట్లో ఇక్కడ ఖర్జూరం అంటే మామూలు తిండి, డబ్బు, ఇల్లు అన్నీ అదే.

నచ్చనిది ఒకటుంది, అజ్వా గింజల పొడి గుండెకి మందు అని అమ్మడం. పొద్దున్నే ఏడు అజ్వాలు తినమన్న హదీసు ఉంది, తినండి, అంతేగానీ ఆ పొడి నమ్ముకుని బీపీ టాబ్లెట్లు ఆపకండి. ప్యాకింగ్ కూడా పల్చటి కవర్లు, సుక్కరీ సూట్‌కేసులో నలిగి బట్టలకి అంటుకుంటుంది, డబ్బా అడిగి పెట్టించుకోండి. ఫోర్ స్టార్స్. మబ్రూమ్ మాత్రం ఒక కిలో ఎక్కువే తెచ్చుకోండి, చుట్టాలకి పంచేసరికి ఇంట్లో మిగలదు.