పత్తికొండలో కంటి ఫోటో, కర్నూలులో డాక్టరు: షుగరు ఉన్నవారి కంటి పరీక్షపై నా అనుభవం

మా అమ్మకు షుగరు వచ్చి పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆమె కంటి వెనుక తెరను, అంటే రెటీనాను, ఒక్క డాక్టరూ చూడలేదు, చూపించాలని మేమూ పట్టుబట్టలేదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలలో వజ్రాల కోసం జనం వంగి నడిచే ప్రాంతం మాది. మట్టిలో మెరిసే రాయిని అందరికంటే ముందు తానే కనిపెడతానని గర్వపడే మనిషి దగ్గర కంటి పరీక్ష మాట ఎత్తితే, "నా కండ్లకేమైంది నాయనా, బాగానే కనపడతాండాయి కదా" అనేది. ఆ మాట అబద్ధం కూడా కాదు. షుగరు వల్ల రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటున్నా, చూపుకు కేంద్రమైన చోట నీరు చేరేదాకానో, కొత్తగా పుట్టిన బలహీనమైన నాళాలు చిట్లి కంటి లోపల రక్తం నిండేదాకానో చాలామందికి ఏమీ తెలియదు. అందుకే రెండో రకం షుగరు బయటపడినప్పుడే ఒకసారి, ఆపైన ఏడాదికొకసారి రెటీనా చూపించుకోమని వైద్యులు చెబుతారు.

దీనికోసం కర్నూలు వెళ్ళాలంటే ఒక రోజు పని పోతుంది, తోడు వచ్చినవారి కూలీ కూడా పోతుంది. పత్తికొండలోనే ఒక చిన్న కంటి కేంద్రంలో రెటీనా ఫోటో తీసి, కర్నూలులోని డాక్టరుకు పంపి, నివేదిక తెప్పిస్తారని తెలిసి మొన్న జూన్‌లో అమ్మను తీసుకెళ్ళాను. కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపం ఆ ఒక్కచోటనే ఉంటుందని అనుకోను.

ముందుగా మెచ్చుకోవలసినది ఫోటో తీసిన తీరు. కిటికీకి నల్లటి దుప్పటి కట్టి చీకటి చేసిన చిన్న గదిలో, గడ్డం ఆనించుకునే పీట ఉన్న కెమెరా ముందు అమ్మను కూర్చోబెట్టారు. టెక్నీషియన్ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అమ్మాయి. "పెద్దమ్మా, లోపల పచ్చ చుక్క కనపడతాది, దాన్నే చూడు, రెప్ప కొట్టద్దు" అంటూ ఓపికగా నాలుగుసార్లు తీసింది. కుడికన్ను చిత్రం తెరమీదికి రాగానే ఆ అమ్మాయి కుర్చీ పక్కకు జరిపి మాకూ చూపించింది. నారింజ రంగు పళ్ళెంలాంటి గుండ్రని వెలుగు, అందులో ఒక పక్కన నరం బయలుదేరే పసుపు బిళ్ళ, దాని నుంచి వాగు పాయల్లా విడిపోయిన ఎర్రటి నాళాలు, ఆ పాయల మధ్య అక్కడక్కడా నువ్వుగింజంత ఎర్రచుక్కలు. అవి ఏమిటని అడిగితే, చెప్పవలసింది డాక్టరేనని నవ్వి ఊరుకుంది. తెలిసినా తన హద్దు దాటని ఆ పద్ధతి నాకు నచ్చింది.

ఎడమకన్నుతో మాత్రం చిక్కు వచ్చింది. చుక్కల మందు వేయకుండానే ఫోటో తీయగల కెమెరా అయినా, వయసు మీద పడినవారిలో కంటిపాప చిన్నదై, పైగా శుక్లం ముదురుతూ ఉంటే చిత్రం పొగమంచు పట్టినట్టు వస్తుంది. అమ్మ ఎడమకన్ను అలాగే వచ్చింది. మందు వేసి పాప పెద్దదయ్యాక మళ్ళీ తీయవచ్చు, కానీ ఆ రోజు మందు వేసే వీలు లేదన్నారు. వెళ్ళేవారు ఈ సంగతి ముందే ఫోనులో అడిగి తెలుసుకోవడం మంచిది. మందు వేస్తే కొన్ని గంటలపాటు దగ్గరి చూపు మసకగా ఉంటుంది, మన ఎండలో కళ్ళు తెరవడం కష్టమవుతుంది కాబట్టి నల్లద్దాలూ తోడుగా ఒక మనిషీ ఉండాలి, బండి నడపకూడదు.

అసలు లోపం దీని తర్వాత మొదలైంది. రెండు రోజుల్లో ఫోను చేస్తామన్నవారు వారమైనా చేయలేదు. నేనే వెళ్ళి అడిగితే, నివేదిక మూడో రోజే వచ్చిందని చెప్పి కాగితం చేతిలో పెట్టారు. మొత్తం ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితంలో కుడికంటికి 'మోడరేట్ ఎన్‌పీడీఆర్' అనీ, ఎడమకన్ను చిత్రం చదవడానికి వీల్లేదనీ, నెలలోపు రెటీనా నిపుణులను కలవాలనీ ఉంది. రక్తనాళాల దెబ్బ మధ్యస్థ దశలో ఉందని, కొత్త నాళాలు ఇంకా పుట్టలేదని తెలుగులో రెండు వాక్యాలు రాసి ఉంటే ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టకుండా ఉండేది కాదు. పైగా చిత్రం చదవడానికి వీల్లేదు అన్న మాటను మా చిన్నాన్న ఆ కంట్లో జబ్బు లేదు అని అర్థం చేసుకున్నాడు. నిజానికి చిత్రం సరిగా రాని కన్నును కూడా డాక్టరు నేరుగా చూడవలసిందే.

రెటీనా ఫోటోను డాక్టరుకు బదులు యంత్రమే చదివే పద్ధతికి 2018 ఏప్రిల్‌లోనే అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. రేపో మాపో అది పత్తికొండకూ వస్తుంది, రానివ్వండి. ఎవరు చదివారన్న దానికంటే, చదివినది రోగి చెవిన పడిందా లేదా అన్నదే నాకు ముఖ్యం. ఇంగ్లండులో 2003లో మొదలైన జాతీయ కార్యక్రమం షుగరు ఉన్నవారిని ఉత్తరం రాసి మరీ ఏటా ఫోటోకు పిలిచేది. 2009-10 నాటికి అక్కడ పనిచేసే వయసువారి అంధత్వానికి షుగరు కంటిజబ్బు మొదటి కారణం కాకుండా పోయింది. దాని వెనుక షుగరు వైద్యం మెరుగుపడటమూ ఉండవచ్చు గానీ, కెమెరాలు ఎన్ని ఉన్నా పిలిచే మనిషి లేకపోతే ఆ ఫలితం వచ్చేది కాదని నా నమ్మకం. మన కేంద్రంలో ఫోటోలు తీయడానికి ఒక ఉద్యోగి ఉంది, నివేదికలు వచ్చినవారికి ఫోను చేయడానికంటూ ఎవరూ లేరు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఈ ఫోటో కంటికి పూర్తి పరీక్ష కాదు. రెటీనా మధ్యభాగమే అందులో పడుతుంది, అంచులు పడవు. కంటి ఒత్తిడి కొలవరు, అద్దాల నంబరు చూడరు. ఫోటో తీయించుకున్నాం కదా అని మిగతావి మానుకోకూడదు.

కర్నూలులో డాక్టరమ్మ రెండు కళ్ళకూ మందు వేసి చూసి, స్కాన్ కూడా తీయించి, చూపు కేంద్రంలో నీరు చేరలేదని, లేజరు గానీ ఇంజెక్షన్లు గానీ ఇప్పుడు అవసరం లేదని, షుగరూ బీపీ అదుపులో పెట్టుకుని ఆరు నెలలకు రమ్మని చెప్పారు. ఎడమకంట్లోనూ అవే చుక్కలు ఉన్నాయట.

ఫోటోకు వంద రూపాయలు తీసుకున్నారు. ఆ వంద రూపాయల ఫోటో లేకపోతే అమ్మ కర్నూలు బస్సు ఎక్కేదే కాదు, కాబట్టి షుగరు ఉన్న ప్రతివారినీ వెళ్ళమనే చెబుతాను. అయితే ఫోనుకోసం కాచుకోకుండా నాలుగో రోజున మీరే వెళ్ళి కాగితం అడగండి, దాన్ని తెలుగులో చెప్పించుకున్నాకే అక్కడి నుంచి కదలండి. ఇంటికి వచ్చాక అమ్మ డిసెంబరు పేజీ తిప్పి, క్యాలెండరులో తేదీ చుట్టూ బొగ్గుతో సున్నా గీసింది.