పునర్ముద్రణ బాగుంది, హక్కుల పుటే తికమక

ఒక ప్రచురణ సంస్థ పునర్ముద్రించిన పాత వ్యాస సంపుటిని ఇటీవల కొన్నాను. కాగితం, అచ్చు, కుట్టు బైండింగు మెచ్చదగినవే. అయితే లోపలి పుటలో ‘సర్వహక్కులు ప్రచురణకర్తవి’ అని ఒక్క ముక్కతో సరిపెట్టడం పొరపాటు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్లు గడిస్తే హక్కు తీరిపోతుంది. 1938లో కన్నుమూసిన ఈ రచయిత మూలపాఠం ఇప్పుడు అందరిదీ కాగా, కొత్తగా రాయించిన పీఠికకూ, వివరణలకూ మాత్రమే రక్షణ వర్తిస్తుంది. అంతకన్నా ఇబ్బంది, తొలి ముద్రణ సంవత్సరం ఎక్కడా లేకపోవడం: పరిశోధన వ్యాసంలో ఉటంకిస్తూ 2021 అని మాత్రమే వేస్తే, ఎప్పుడో పోయిన మనిషి నిన్నగాక మొన్న రాసినట్లుంటుంది. ముఖచిత్రకారుని పేరు మాత్రం శ్రద్ధగా వేశారు! చదువుకోవడానికి 250 రూపాయలు పెట్టవచ్చు. ఉటంకించదలచినవారు గ్రంథాలయంలో తొలి ప్రతిని కూడా చూసుకోవాలి.