జీటీ జాస్కర్: కంపెనీ పోయింది, ఫ్రేమ్ ఉంది

2024 డిసెంబర్‌లో అమెరికా సైకిల్ కంపెనీ జీటీ బైసికిల్స్ ఒక ప్రకటన చేసింది. కొత్త మోడళ్లు ఆపేస్తున్నామని, ఉన్న సరుకును 2025లో అమ్మేస్తామని దాని సారాంశం. ఆ వారమంతా నాతో కలిసి కొండ సైకిల్ తొక్కే తెలుగు కుర్రాళ్లది ఒకటే ప్రశ్న: "అన్నా, నీ బండి కంపెనీ ఎత్తేశారట కదా, ఇంక పార్ట్స్ ఎక్కడ దొరుకుతాయి?" వాళ్ల టెన్షన్ నాకు అర్థమైంది. నాకు మాత్రం టెన్షన్ లేదు. పాతికేళ్లు దాటి ఒకే ఫ్రేమ్ తొక్కుతున్నవాడిగా, ఎందుకు లేదో వివరంగా రాయాలనిపించింది.

నాది జీటీ చేసిన మౌంటెన్ బైకు, 1996 మోడల్ జాస్కర్ ఎల్ఈ. వై2కే హడావుడిలో ఉద్యోగానికి శాన్ హోసే వచ్చిన కొత్తలో, 1999లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. 6061 రకం అల్యూమినియం, కాలిఫోర్నియాలో చేసిన ఫ్రేమ్, 26 అంగుళాల చక్రాలు, వెనక సస్పెన్షన్ లేదు, డిస్క్ బ్రేకుల ఊసే లేదు. రంగు కూడా లేదు. ఫ్రేమ్‌ను స్టీలు గోలీలతో కలిపి దొర్లించి మెరుగు పెట్టేవారు, దాన్ని బాల్ బర్నిషింగ్ అంటారు. పెయింటు లేదు కాబట్టి ఊడేదీ లేదు. కొన్నాళ్లు పట్టించుకోకపోతే పైన బూడిద రంగు మసక కమ్ముతుంది. పాత బనియన్ గుడ్డకి కాస్త మెటల్ పాలిష్ అద్ది రుద్దితే గుడ్డ నల్లబడుతుంది, గొట్టం మళ్లీ తళతళలాడుతుంది.

ఈ బండిని గుర్తుపట్టించేది దాని త్రిభుజాలు. మామూలు సైకిల్లో వెనక ఇరుసు నుంచి పైకి వచ్చే రెండు సన్న గొట్టాలు సీటు గొట్టం దగ్గరే ఆగిపోతాయి. జీటీలో అవి సీటు గొట్టానికి చెరో పక్క అతుక్కుని, దాన్ని దాటి ముందుకెళ్లి పై గొట్టానికి కలుస్తాయి. అలా మధ్యలో మూడో చిన్న త్రిభుజం ఏర్పడుతుంది. ఆ అతుకు దగ్గర వెల్డింగ్ చూస్తే కజ్జికాయ అంచు మడిచినట్టు, ఒకే వెడల్పులో, ఒకే దూరంలో ముడతలు ఉంటాయి. అది చేసిన మనిషి పేరు ఫ్రేమ్ మీద ఎక్కడా లేదు. బండి కడిగేటప్పుడల్లా ఆ చోట నా చెయ్యి కాసేపు ఆగుతుంది. అంత శ్రద్ధగా పని చేసిన ఆ చేతులంటే నాకు నిజంగా గౌరవం.

ఇక తొక్కడం సంగతి. ఎక్కుడులో ఈ బండికి సాటి వచ్చేది నాకు తక్కువే తగిలింది. పెడల్ మీద వేసిన బలం ఎక్కడా వంగిపోకుండా నేరుగా వెనక చక్రానికి చేరుతుంది. నిలబడి తొక్కితే బండి ముందుకు దూకుతుంది. అదే గట్టిదనం దిగుడులో ఒంటికి తెలుస్తుంది. శాన్ హోసే దక్షిణాన సాంటా తెరెసా పార్కులో రాకీ రిడ్జ్ అనే దారి ఉంది, పేరుకు తగ్గట్టే అంతా రాళ్లు. అక్కడ దిగేసరికి ప్రతి రాయీ అరికాళ్లకీ మణికట్లకీ లెక్క చెప్పి వెళ్తుంది. పైగా 90ల నాటి కొలతలు. హ్యాండిల్ కింద గొట్టం కోణం 71 డిగ్రీల చుట్టూ ఉంటుంది, ఇప్పటి ట్రైల్ బైకుల్లో, అంటే కొండ దారుల కోసం చేసే సైకిళ్లలో, అది 65 దగ్గర. దాంతో నిటారు దిగుడులో ఒంటి బరువంతా ముందు చక్రం మీదకొస్తుంది. హ్యాండిల్‌ని పట్టి ఉంచే పొడవాటి స్టెమ్ తీసేసి పొట్టిది, వెడల్పు హ్యాండిల్ పెట్టాక చాలా మెరుగైంది. అయినా కొత్త బైకుల మీద వాళ్లు పాటలు పాడుకుంటూ దిగే చోట నేను మనసంతా దారి మీద పెట్టి దిగాలి. నాకు అది ఇష్టమే. అందరికీ ఇష్టమవ్వాలని లేదు.

ఈ ఫ్రేమ్ పనితనానికి ఆ రోజుల్లోనే పెద్ద సాక్షులున్నారు. జూలీ ఫుర్టాడో 90ల మధ్యలో జీటీ జెర్సీతో మహిళల క్రాస్‌కంట్రీ రేసులని ఏలింది. హాన్స్ రే ఈ జాస్కర్ మీదే బండరాళ్ల మీద, కార్ల మీద గెంతుతూ ట్రయల్స్ విన్యాసాలు చేసేవాడు. రేసుకీ గెంతులకీ ఒకే ఫ్రేమ్ పనికి రావడం చిన్న విషయం కాదు.

ఇన్నేళ్లలో ఫ్రేమ్ తప్ప దాదాపు అన్నీ మారాయి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ మొదట పోయింది. అప్పటి చాలా ఫోర్కుల్లో స్ప్రింగ్ బదులు రబ్బరు లాంటి ముక్కలుండేవి, వయసు మీదపడితే అవి రాయిలా గట్టిపడతాయి. ఇప్పుడొచ్చే ఫోర్కుల మెడ కింది భాగం లావుగా ఉంటుంది, దీని తిన్నని హెడ్ ట్యూబ్‌లో, అంటే హ్యాండిల్ కింద గొట్టంలో, పట్టదు. ఎత్తు కూడా ఎక్కువ, పెడితే ముందు భాగం లేచిపోతుంది. చివరికి సస్పెన్షన్ లేని స్టీలు ఫోర్క్ వేశాను. బరువు తగ్గింది, చూసుకోవాల్సిన పనీ తగ్గింది. పెడల్ దగ్గర పళ్ల చక్రాలు మూడు, వెనక ఎనిమిది గేర్లు ఉండేవి, ఇప్పుడు ముందు ఒకటి, వెనక తొమ్మిది. వెనక చక్రం మధ్యలోని అదే పాత హబ్ మీద తొమ్మిది గేర్ల పళ్ల చక్రాల గుత్తి, అంటే క్యాసెట్, చక్కగా కూర్చుంది. పెడల్ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ మర బిగింపుది, ఏ సైకిల్ షాపులోనైనా దొరికే రకం. చక్రం రిమ్‌ని రెండు పక్కలా నొక్కే వీ-బ్రేకుల ప్యాడ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. రిమ్ బ్రేకు కాబట్టి రిమ్ పక్కలు అరిగిపోతాయి. వేలితో తడిమితే గుంట తగిలిందంటే మార్చాల్సిందే. 26 అంగుళాల టైర్లు, అంటే టైరు మీద 559 అని ఉండే కొలత, మంచి రకాల్లో తగ్గిపోతున్నాయి గానీ ఆగిపోలేదు. ప్రపంచంలో ఆ చక్రాలతో తిరుగుతున్న సైకిళ్లు అన్నేసి ఉన్నాయి మరి.

మా కుర్రాళ్ల ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. పార్ట్స్ కోసం నేను జీటీ గడప తొక్కాల్సిన పని దాదాపు ఎప్పుడూ పడలేదు. జాస్కర్‌లో ఫ్రేమ్ ఒక్కటే జీటీది. మిగతా ప్రతి కొలతా ఊరందరిదీ.

కంపెనీ కథ మాత్రం బాధ పెడుతుంది. గ్యారీ టర్నర్ డ్రాగ్ రేసింగ్ కార్లకి గొట్టాలు అతికిన వెల్డర్, కొడుకు కోసం బీఎంఎక్స్ ఫ్రేమ్ చేశాడు. రిచర్డ్ లాంగ్‌కి అనహైమ్‌లో సైకిల్ షాపు ఉండేది. ఇద్దరూ కలిసి 1979లో జీటీ పెట్టారు. 1995లో షేర్ మార్కెట్‌కి వెళ్లింది. 1996 జూలైలో, మౌంటెన్ బైకింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి అడుగుపెడుతున్న నెలలోనే, బిగ్ బేర్‌లో రేసుకని మోటార్‌సైకిల్ మీద వెళ్తూ లాంగ్ ప్రమాదంలో చనిపోయాడు. 1998లో ష్విన్ అనే మరో సైకిల్ కంపెనీ యజమానుల చేతికి పోయింది. 2001లో ఆ ఉమ్మడి కంపెనీ దివాలా తీసింది, పసిఫిక్ సైకిల్ కొనుక్కుంది. 2004లో పసిఫిక్‌ని డోరెల్ అనే కెనడా కంపెనీ కొంది. 2022 మొదట్లో డోరెల్ సైకిల్ విభాగమంతా డచ్ కంపెనీ పోన్ చేతికి వెళ్లింది. ఆ తర్వాత 2024 డిసెంబర్ ప్రకటన. ఇన్ని చేతులు మారాక పేరు మిగిలింది, ఆ పేరు పెట్టిన మనుషులు మిగల్లేదు. నా వరకు జీటీ 2024లో పోలేదు. 2001 దివాలాతోనే పోయింది. తర్వాత మంచి బైకులు రాలేదని కాదు, బ్రిటన్ రేసర్లు ఆథర్టన్ అన్నదమ్ములూ వాళ్ల చెల్లీ జీటీ మీద వరల్డ్ కప్పులు ఆడినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. కానీ నాకు ప్రాణమైన జీటీ అంటే ఆ వెల్డింగే.

పోయిన బ్రాండ్ల మీద ప్రేమ ఇప్పుడు బాగా పెరిగింది. గొప్ప గొప్ప ఫ్రేములు గోడలకి ఎక్కుతున్నాయి. వాటిలో అన్నిటికంటే అందమైనది క్లైన్. ఎంఐటీలో చదువుకున్న గ్యారీ క్లైన్ లావు అల్యూమినియం గొట్టాలకి దారి చూపించినవాళ్లలో ఒకడు. వాషింగ్టన్ రాష్ట్రంలో షెహాలిస్‌లో చేసిన ఆ ఫ్రేముల రంగులు ఒకదాంట్లోంచి ఒకటి కరిగినట్టు ఉంటాయి. 1995లో ట్రెక్ అనే పెద్ద సైకిల్ కంపెనీ కొంది, కొన్నేళ్లకి పేరే కనుమరుగైంది. కానీ ఆ పాత క్లైన్లలో హ్యాండిల్ తిరిగే చోటి హెడ్‌సెట్ బేరింగులు సొంత కొలతవి, హ్యాండిలూ స్టెమూ కలిపి ఒకే ముక్క. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు, నడుపుకోవాలంటే మాత్రం ప్రతి చిన్నదానికీ వేట. జీటీలోనే 1998 ప్రాంతంలో వచ్చిన ఐ-డ్రైవ్ అనే వెనక సస్పెన్షన్ ఇంకో ఉదాహరణ. జిమ్ బస్బీ ఆలోచన, పెడల్ ఇరుసు చుట్టూ ఒక పెద్ద చట్రం తిరిగి, సస్పెన్షన్ కదిలినా చైన్ లాగకుండా చూసేది. తెలివైన పని. అయితే ఆ చట్రం బేరింగు, దానికి బిగించే బొమిక లాంటి చిన్న లింకు ఆ బండికే ప్రత్యేకం. తయారీ ఆగాక అలాంటి భాగం ఒక్కటి అరిగితే మొత్తం బండి మూలన పడుతుంది. అదే ఏడాది అదే కంపెనీ చేసిన జాస్కర్ దారి మీద ఉంటుంది. అందుకే నా ఓటు ఎప్పుడూ జాస్కర్‌కే.

ఈ మధ్య ఇన్ని సైకిల్ కంపెనీలు మూతపడటానికి కారణం పెద్ద రహస్యం కాదు. 2020, 21లో కోవిడ్ వల్ల సైకిళ్లకి గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. భాగాలు రావడానికి ఏడాది పైన పడుతోందని కంపెనీలు భారీగా ఆర్డర్లు పెట్టాయి. సరుకు గోదాముకి చేరేసరికి కొనేవాళ్లు తగ్గారు, వడ్డీలు పెరిగాయి. సగం ధరకి అమ్మినా అప్పు తీరలేదు. డెన్వర్‌లోనే కార్బన్ ఫ్రేములు చేసిన గెరిల్లా గ్రావిటీ 2023లో మూతపడింది. వేర్వేరు మోడళ్లకి ముందు త్రిభుజం ఒకటే, వెనక భాగాలు మార్చుకుంటే వేరే బైకు అయ్యేది. అలాంటి ఆలోచన ఉన్నవాళ్లు నిలబడలేకపోవడం నాకు చాలా బాధ. కోనా అనే సైకిల్ కంపెనీది కాస్త ఊరట: 2022లో అమ్మేసిన కంపెనీని 2024లో డాన్ గెర్హార్డ్, జేక్ హైల్‌బ్రాన్ అనే వ్యవస్థాపకులే తిరిగి కొనుక్కున్నారు.

మనకీ ఈ బాధ కొత్తేం కాదు. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్ సైకిల్స్ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడు, సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆపేసింది. మా నాన్నగారి అట్లాస్ ఇప్పటికీ మా ఊళ్లో నడుస్తోంది. ట్యూబు, చైను, ఫ్రీవీలు, ఏది పోయినా బజార్లో దొరికేదే వేస్తారు. అదీ జాస్కర్ కోవకి చెందిందే.

ఇప్పుడు మూతపడుతున్న కంపెనీల సరుకు మంచి తగ్గింపులో వస్తోంది, కొనొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. కొనొచ్చు, కానీ వారంటీ కాగితానికి విలువ సున్నా అనుకుని కొనండి. వెనక గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేమ్‌కి తగిలించే ముక్క, అంటే హ్యాంగర్, యూడీహెచ్ (యూనివర్సల్ డిరైలర్ హ్యాంగర్) రకమైతే చాలా మంచిది. 2019లో గేర్ల భాగాలు చేసే శ్రామ్ కంపెనీ తెచ్చిన ఆ కొలత ఇప్పుడు చాలా కంపెనీలు వాడుతున్నాయి, విరిగితే ఎక్కడైనా కొత్తది దొరుకుతుంది. బాటమ్ బ్రాకెట్ మర బిగింపుదా కాదా చూడండి. సస్పెన్షన్ బేరింగుల నంబర్లు రాసిపెట్టుకోండి, అవి మామూలు పారిశ్రామిక కొలతలైతే బేరింగ్ షాపులోనే పని అయిపోతుంది. వెనక కుదుపులు తీసుకునే షాక్ ఆ ఒక్క ఫ్రేమ్‌కే చేసింది అని తేలితే ధర ఎంత తగ్గినా నేనైతే ముట్టుకోను.

పాత జాస్కరే కావాలనుకునేవాళ్లకి: అల్యూమినియం ఇనుము కంటే తొందరగా అలసిపోతుంది, అంటే వాడేకొద్దీ పగుళ్లు పుట్టొచ్చు. కొనేముందు తడిగుడ్డతో తుడిచి టార్చి వేసి చూడండి. హెడ్ ట్యూబ్ కింద అతుకు, పెడల్ ఇరుసు చుట్టూ, సీటు బిగించే చీలిక చివర, మూడో త్రిభుజం మూలలు, వీటి దగ్గర సన్నటి గీత కనిపిస్తే వద్దు. మెరుగు మీద గీతలు తేలిగ్గా కనిపిస్తాయి కాబట్టి పెయింటు వేసిన దానికంటే బర్నిష్ చేసిన ఫ్రేమ్ కొనడం క్షేమం. సీటుని మోసే కడ్డీ, అంటే సీట్‌పోస్ట్, వదులు చేసి పైకీ కిందికీ కదిలించి చూపించమని అడగండి. లోపల పట్టేసి కదలకపోతే అమ్మేవాళ్లు ఎంత తగ్గించినా తీసుకోవద్దు.