ఈసెట్‌తో రెండో సంవత్సరంలో చేరేవారికి ఏ హాస్టల్ బ్లాకు మంచిది? తిరుపతిలో మూడేళ్లు ఉండి చూసిన మాట

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసి, డిప్లొమా చేసినవారు ఇంజినీరింగ్‌లో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష ఈసెట్‌లో వచ్చిన ర్యాంకుతో 2022 సెప్టెంబరులో తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలలో నేరుగా రెండో సంవత్సరంలో చేరాను. అక్కడ అమ్మాయిలకు ఉన్న రెండు బ్లాకుల్లోనూ నివసించాను. మొదటి సెమిస్టరు కొత్త బ్లాకులో, మిగిలిన రెండున్నరేళ్లు పాత బ్లాకులో గడిపాను. పలమనేరు, చిత్తూరు వైపు నుంచి ఏటా కొందరు చెల్లెళ్లు ఏది ఎంచుకోవాలని నన్ను అడుగుతున్నారు కనుక, నా అభిప్రాయాన్ని కారణాలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ఇలా నేరుగా రెండో సంవత్సరంలో చేరేవారికిచ్చే లేటరల్ ఎంట్రీ సీట్లు బ్రాంచికి మంజూరైన సీట్లకు అదనంగా 10 శాతం ఉంటాయి. అంటే 60 మంది ఉన్న తరగతిలోకి మనం ఆరుగురం వెళ్తాం. తరగతిలో సీటు అదనంగా ఇస్తారు గానీ హాస్టల్లో మంచం అదనంగా వేయరు. రెగ్యులర్ విద్యార్థినులు మొదటి ఏడాదిలోనే గదులు, స్నేహాలు కుదుర్చుకుని ఉంటారు. మనం చేరేసరికి మిగిలినవి చివరి గదులే. నేను చేరేనాటికి తరగతులు మొదలై కొన్ని వారాలు గడిచాయి. మా జాబితా ఇంకా రాలేదని కార్యాలయంలో చెప్పడంతో పదకొండు రోజులు రేణిగుంటలో పిన్నిగారింటి నుంచి బస్సులో తిరిగాను. చదువు మొదట్లోనే వెనకబడిన ఆ పదకొండు రోజులు నన్ను ఇప్పటికీ బాధపెడతాయి.

ఆ రోజుల్లోనే నాన్నతో కలిసి బయటి ప్రైవేటు హాస్టళ్లు కూడా చూశాను. కోవిడ్ వల్ల రెండేళ్లు ఏకాంతంగా జరిగిన శ్రీవారి బ్రహ్మోత్సవాలు ఆ ఏడాది సెప్టెంబరు 27 నుంచి మళ్లీ భక్తుల మధ్య జరిగాయి. ఊరంతా కిటకిటలాడుతుండగా గది వెతకడం ఎంత కష్టమో అనుభవించాం. అప్పట్లో విద్యార్థుల వసతి, భోజన ఖర్చులకు ప్రభుత్వం ఇచ్చే వసతి దీవెన పథకం కింద అమ్మ ఖాతాలో ఏడాదికి 20,000 రూపాయలు రెండు విడతలుగా పడేవి. మేము చూసిన ప్రైవేటు హాస్టళ్లలో అడ్వాన్సు, నెల అద్దె, రాకపోకల ఖర్చు కలిపితే ఆ మొత్తం సగం ఏడాదికైనా చాలదని తేలింది. ఆ ఆలోచనను అక్కడితో వదిలేశాం.

చివరికి నాకు కొత్త బ్లాకులో గది దొరికింది. దాని మంచితనాన్ని తగ్గించి చెప్పడం న్యాయం కాదు. గదికి ఇద్దరే; కిటికీ తెరిస్తే శేషాచలం కొండలు కనిపిస్తాయి; నీళ్లకు ఎప్పుడూ లోటు రాలేదు. పీజీ చదివే అక్కలు, పరిశోధక విద్యార్థినులు ఎక్కువగా ఉండే చోటు కావడంతో రాత్రి ఎనిమిది దాటితే ఎంతో నిశ్శబ్దంగా ఉంటుంది. అయితే అది తరగతులకు దూరం. కొండ అంచున ఉన్న ప్రాంగణం కనుక చిరుత కనిపించిందన్న మాట వినిపించినప్పుడల్లా చీకటి పడ్డాక ఎవరినీ బయటికి పంపేవారు కాదు. అలా సాయంత్రం ఆరున్నర తర్వాత నా తరగతి వాళ్లు ఒక భవనంలో, నేను మరో భవనంలో ఉండిపోయేవాళ్లం.

ఈ దూరమే నన్ను దెబ్బతీసింది. ఈసెట్‌లో 200 మార్కులకు గణితం 50 మార్కులే కనుక, దాన్ని గట్టెక్కినంత మాత్రాన రెగ్యులర్ వాళ్లు మొదటి ఏడాదిలో చదివిన గణితం మనకు వచ్చినట్టు కాదు. కాంప్లెక్స్ వేరియబుల్స్ పాఠంలో అధ్యాపకులు "ఇది మీకు తెలిసిందే" అని దాటవేసిన ప్రతి మెట్టూ నాకు తెలియనిదే. అడగడానికి పక్క గదిలో ఉన్న అక్క చరిత్రలో పరిశోధన చేస్తున్నారు. ఆమె ఎంతో ఆప్యాయంగా చూసుకున్నారు గానీ, ఆ లెక్క విషయంలో ఆమె మాత్రం ఏం చేయగలరు? పైగా మా హాల్‌టికెట్ నంబర్లు వేరే వరుసలో ఉండడం వల్ల ల్యాబ్‌లో లేటరల్ వాళ్లమంతా చివరి బ్యాచిలో పడేవాళ్లం. రికార్డు ఎప్పుడు ఇవ్వాలో, ఇంటర్నల్ పరీక్షకు ఏ యూనిట్లు వస్తాయో అందరికంటే ఆలస్యంగా తెలిసేది. మొదటి ఇంటర్నల్‌లో గణితంలో నాకు వచ్చిన మార్కులు చూసి రాత్రంతా ఏడ్చాను.

జనవరిలో గది మార్పుకు దరఖాస్తు పెట్టి పాత బ్లాకుకు మారాను. ముగ్గురికి సరిపోయే గదిలో నలుగురం ఉండేవాళ్లం. ఉదయం స్నానాల గదుల దగ్గర బకెట్లు వరుసగా పెట్టుకోవాలి. మే నెలలో ట్యాంకరు రాకపోతే ఇబ్బందే. నవంబరు వానలకు గోడలు చెమ్మగిల్లి పుస్తకాలు పాడయ్యేవి. ఇవన్నీ నిజమే. అయినా ఆ గదిలో మిగిలిన ముగ్గురూ నా తరగతి వాళ్లే. రాత్రి భోజనం తర్వాత వరండాలో కూర్చుని వాళ్లు నాకు గణితం చెప్పేవారు. నేను వాళ్లకు మెషీన్స్ ల్యాబ్ చెప్పేదాన్ని. డిప్లొమాలో మూడేళ్లు చేత్తో వైర్లు కలిపి నేర్చుకున్నాం కదా, త్రీ పాయింట్ స్టార్టరు కనెక్షన్లు, డీసీ షంట్ మోటారును నడిపేముందు ఫీల్డ్ రియోస్టాటును (మోటారు ఫీల్డ్ చుట్టలోని కరెంటును మార్చే నిరోధకాన్ని) కనిష్ఠ నిరోధం దగ్గర ఎందుకు ఉంచాలో నాకు స్పష్టంగా తెలుసు. ఫీల్డ్ కరెంటు తగ్గితే మోటారు వేగం ప్రమాదకరంగా పెరుగుతుందని నేలమీద సుద్దముక్కతో బొమ్మ గీసి చెప్పిన రాత్రి, మా గది ముందు పదిమంది చేరారు. ఆ రోజు నుంచి తరగతిలో నన్ను "లేటరల్ అమ్మాయి" అని ఎవరూ అనలేదు, పేరుతోనే పిలిచారు.

భోజనం విషయంలోనూ పాత బ్లాకే మెరుగు. కొత్త బ్లాకు మెస్ కాంట్రాక్టుకు ఇచ్చారు. తిన్నా తినకపోయినా నెలకు ఒకే మొత్తం. పాత బ్లాకులో డివైడింగ్ పద్ధతి నడుస్తుంది: బియ్యం, కూరగాయలు, గ్యాస్ ఖర్చంతా కలిపి, ఎవరు ఎన్ని రోజులు తిన్నారో ఆ లెక్కన పంచుతారు. ముందుగా రాసిచ్చి ఊరికి వెళ్తే ఆ రోజుల డబ్బు పడదు. నెలకో ఇద్దరు విద్యార్థినులు సరుకుల బాధ్యత చూస్తారు. ఆ బాధ్యత నాకు వచ్చిన నెలలో వంటమ్మను అడిగి బుధవారం రాత్రి రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టించాను. నేను బయటికి వచ్చేదాకా అది ఆగలేదు.

ఒంటరిగా చదువుకోగలిగి, గణితంలో గట్టి పట్టున్నవారికి, లేదా చెమ్మ పడక ఉబ్బసంతో బాధపడేవారికి కొత్త బ్లాకే సరైనది. మిగిలినవారు సీటు అలాట్‌మెంట్ కాగితం చేతికి వచ్చిన రోజే, తరగతుల కోసం ఆగకుండా, పాత బ్లాకు కావాలని వార్డెన్‌గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ బ్రాంచి, ఏ సంవత్సరం వాళ్ల గదిలో చోటు కావాలో కూడా అందులోనే రాయండి. ఖాళీ లేదంటే సెమిస్టరు పరీక్షలు ముగిసేలోపు గది మార్పు దరఖాస్తు పెట్టండి, సెలవుల తర్వాత పెడితే ఖాళీలు అప్పటికే నిండిపోతాయి.