నికాన్ ఎఫ్3 మేలా, కెనాన్ న్యూ ఎఫ్-1 మేలా?

ఫిల్ము మీద మళ్లీ మనసు పడ్డ కుర్రాళ్లు ఈమధ్య బెజవాడలో, గుంటూరులో బాగానే కనిపిస్తున్నారు. మొదట ఇంట్లో దొరికిన ఏదో పాత కెమెరాతో ఒకటి రెండు రీళ్లు తీస్తారు. తర్వాత కన్ను పైకి పోతుంది. ఒకప్పుడు పత్రికల వాళ్లు, స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్లు మెడలో వేసుకుని తిరిగిన ప్రొఫెషనల్ బాడీయే (లెన్సు కాకుండా కెమెరా) కావాలంటారు. అక్కడికొచ్చేసరికి ప్రశ్న దాదాపు ఒకటే: 1980లో వచ్చిన నికాన్ ఎఫ్3 కొనాలా, 1981లో వచ్చిన కెనాన్ న్యూ ఎఫ్-1 కొనాలా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. యంత్రంగా చూస్తే కెనాన్ ఒక మెట్టు పైన. అయినా నేను కొనమనేది ఎఫ్3నే, అదీ హెచ్‌పీ ఫైండర్ (కన్ను కాస్త దూరంగా ఉన్నా ఫ్రేమంతా కనిపించే కిటికీ) ఉన్నదాన్ని. లెక్క ఎక్కడ తిరగబడిందంటే కొంత కళ్లజోడు దగ్గర, ఎక్కువగా లెన్సుల దగ్గర.

ముందు బ్యాటరీ గొడవ తేల్చేద్దాం. ఎఫ్3 షట్టర్ పూర్తిగా ఎలక్ట్రానిక్. ఎల్ఆర్44 బటన్ సెల్స్ రెండు వేస్తే నడుస్తుంది. అవి అయిపోతే లెన్సు పక్కనున్న చిన్న లివరుతో 1/60 సెకను దగ్గర తీసుకోవచ్చు, ఇక వేరే వేగం ఆశించకూడదు. న్యూ ఎఫ్-1లో 1/90 నుంచి 1/2000 దాకా వేగాలన్నీ బ్యాటరీ తీసేసినా పనిచేస్తాయి, నెమ్మది వేగాలకే కరెంటు కావాలి. కాగితం మీద ఇది కెనాన్‌కి పెద్ద గెలుపే. కానీ ఎలక్ట్రానిక్ షట్టర్ అంటే అప్పట్లో పుట్టిన భయం చలిదేశాల వాళ్లది. మంచులో బ్యాటరీ నీరసించిపోతుందని వాళ్ల టెన్షన్. రోహిణీ కార్తెలో రోడ్డు మీద తారు కరిగే ఊళ్లో ఆ దిగులు మనకెందుకు? ఎల్ఆర్44 వాచీల షాపులో అడిగినా ఇస్తారు. కెనాన్‌కి కావలసిన 6 వోల్టుల బ్యాటరీ మాత్రం అలా దొరికే రకం కాదు, తెప్పించుకుని ఒకటి దాచుకోవాలి. అసలు బ్యాటరీ మీదే నమ్మకం లేనివాళ్లు 1971 నాటి నికాన్ ఎఫ్2 చూసుకోవచ్చు. అందులో 1/2000 దాకా అంతా గేర్లూ స్ప్రింగులే. సెల్ కేవలం వెలుతురు కొలిచే మీటరుకి.

మీటరు విషయంలో కెనానే గట్టిది. ఎఫ్3 మధ్యలో ఉన్న 12 ఎంఎం వలయానికి 80 శాతం విలువిచ్చి వెలుతురు కొలుస్తుంది. అలవాటైతే నమ్మదగిందే, కానీ ఉన్నది ఆ ఒక్క పద్ధతే. న్యూ ఎఫ్-1లో ఫోకసింగ్ స్క్రీన్ (ఫైండర్ కింద బొమ్మ పడే పలక) మారిస్తే కొలిచే పద్ధతే మారిపోతుంది: మధ్యకు మొగ్గు చూపే సగటు, మధ్యలో 12 శాతం, లేదంటే 3 శాతం స్పాట్. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద, వెనక కృష్ణ నీళ్లు తళతళలాడుతుంటే, ముందు నిలబడ్డ మనిషి ముఖానికి ఎంత వెలుతురు ఇవ్వాలో ఆ స్పాట్ తేల్చి చెప్తుంది. కాకపోతే స్క్రీన్లు విడిగా కొనాలి, ఫైండర్ ఊడదీసి మార్చాలి, లోపల దుమ్ము పడకుండా చూసుకోవాలి. చివరికి చాలామంది కొన్ననాడు ఉన్న స్క్రీన్‌తోనే కాలం గడిపేస్తారు. ఎఫ్3 చేతిలో ఉన్నవాడు నాలుగడుగులు ముందుకేసి ముఖాన్ని కొలిచి, ఆ కొలతను పట్టి ఉంచే మెమరీ లాక్ నొక్కి పట్టుకుని వెనక్కొచ్చి తీసుకుంటాడు.

చీకటి పడ్డాక ఎఫ్3 లోపల ఎల్‌సీడీ అంకెలు కనిపించవు. దీపం కోసం ఫైండర్ మీద ఎర్ర బటన్ ఒకటి పెట్టారు, గోరుతో పొడిస్తే గానీ పలకదు. ఈ కెమెరాకి రూపం దిద్దింది ఇటలీ కార్ల డిజైనర్ జార్జెటో జుజారో. పట్టు మీద ఆ ఎర్ర గీత ఆయన పెట్టిందే. ఈ బటన్ దాకా వచ్చేసరికి ఆయన భోజనానికి వెళ్లాడేమో.

ఇక కళ్లజోడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు మిర్చి యార్డులోకి కెమెరాతో వెళ్లి చూడండి. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతుంటే లేచే ఘాటుకి ముక్కూ కళ్లూ ఒకేసారి కారతాయి. జోడు తీసి కన్ను ఫైండర్‌కి ఆనించే ప్రసక్తే లేదు. మామూలు ఫైండర్లో జోడుతో చూస్తే ఫ్రేము నాలుగు మూలలూ ఒకేసారి కనపడవు, తల అటూ ఇటూ కదుపుతూ వెతుక్కోవాలి. హెచ్‌పీ ఫైండర్‌కి కన్ను 25 ఎంఎం దూరంలో ఉన్నా మొత్తం కనిపిస్తుంది. కనిపించేది కూడా ఫిల్ము మీద పడే బొమ్మలో నూటికి నూరు శాతం. న్యూ ఎఫ్-1 మామూలు ఫైండర్లో 97. ఆ మూడు శాతం పెద్ద విషయం కాదు, జోడు పెట్టుకునే వాళ్లకి ఆ 25 ఎంఎం మాత్రం చాలా పెద్ద విషయం. ఇంకో మాట, యార్డులో లెన్సు మార్చకండి. నేను బ్యాగు తెరవబోతుంటే మూటల మీద కూర్చున్న పెద్దాయన ఒకాయన, "అద్దం మూసుకో బాబూ, కారం పడుద్ది" అన్నాడు. ఏ కెమెరా పుస్తకంలోనూ ఆ జాగ్రత్త చదవలేదు.

పెళ్లిళ్లు తీయాలనుకుంటే రెండూ వద్దు. ఎఫ్3 ఫ్లాష్ సింక్ (ఫ్లాష్‌తో వాడగల అత్యధిక షట్టర్ వేగం) 1/80, న్యూ ఎఫ్-1ది 1/90, రెండూ తక్కువే. పైగా ఎఫ్3లో ఫ్లాష్ వెళ్లి రీలు వెనక్కి చుట్టే పిడి నెత్తిన కూర్చుంటుంది, అదీ నికాన్ సొంత కొలత కాళ్లతో. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు రీలు అయిపోయిందనుకోండి, ఫ్లాష్ ఊడదీస్తే గానీ చుట్టలేం. కెనాన్‌కి ఫైండర్ మీదే ఫ్లాష్ తగిలించే మామూలు హాట్‌షూ ఉంది. ఈ పనికి మాత్రం 1/250 సింక్ ఉన్న నికాన్ ఎఫ్ఎం2ఎన్ ఈ ఇద్దరు దొరల కంటే నయం.

ఇప్పుడు అసలు సంగతి, లెన్సులు. నికాన్ 1959లో పెట్టిన ఎఫ్ మౌంటునే (లెన్సు బిగించే అమరిక) ఎఫ్3 దాకా, ఆ తర్వాత డిజిటల్ ఎస్ఎల్ఆర్‌ల దాకా కొనసాగించింది. 1977లో, లెన్సు ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎంతో మీటరుకి తెలిపే ఏఐ పద్ధతి వచ్చింది. గుర్తుపట్టడం తేలిక: ఎపర్చర్ రింగు మీద అంకెలు రెండు వరసల్లో ఉంటే, వెనక వరస మరీ చిన్నగా ఉంటే అది ఏఐ. ఫైండర్లో చిన్న కిటికీ గుండా కనిపించేది ఆ చిన్న వరసే. అంతకు ముందువి కూడా ఎఫ్3కి ఎక్కుతాయి, మీటరు లివరు పైకి మడిస్తే సరి. వాటినే చాలా డిజిటల్ బాడీలకు బిగించబోతే లివరు విరగొచ్చు, జాగ్రత్త.

కెనాన్ 1971లో తెచ్చిన ఎఫ్‌డీ మౌంటును 1987లో ఈఓఎస్ కెమెరాలతో పక్కన పెట్టేసింది. ఎఫ్‌డీ లెన్సుకి ఫిల్ము దాకా ఉండాల్సిన దూరం 42 ఎంఎం, ఈఓఎస్ బాడీలో ఉన్నది 44. ఆ 2 ఎంఎం తేడాతో దూరపు కొండ ఫోకస్ కాదు, మధ్యలో అద్దం ఉన్న అడాప్టర్ రింగు పెడితే తప్ప. అద్దం పెడితే లెన్సు గొప్పతనం కొంత పోతుంది. ఆ దూరం తక్కువున్న మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాకే ఈ లెన్సులకు మళ్లీ గతి దొరికింది. నికాన్ కొలత 46.5 కాబట్టి చిత్రంగా నికాన్ లెన్సులు మామూలు రింగుతోనే కెనాన్ ఈఓఎస్ మీద కూర్చుంటాయి, కెనాన్ పాత లెన్సులు కూర్చోవు!

అద్దాల నాణ్యతలో మాత్రం కెనాన్‌ని తీసిపారేయలేం. ఎఫ్‌డీ 85 ఎంఎం 1.2 ఎల్ లాంటిది అప్పటి నికాన్ దగ్గర లేదు, 1.4తో సరిపెట్టుకోవాలి (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది). కెనాన్ పెద్ద టెలీ లెన్సులకు తెల్ల రంగు వేసింది స్టైలు కోసం కాదు, ఎండకు లోపలి అద్దాలు వేడెక్కి వ్యాకోచించకుండా. మన మే నెలలో అది అలంకారం అని ఎవరూ అనరు. పాత ఎఫ్‌డీలను బిగించే తీరూ ముచ్చటగా ఉంటుంది. లెన్సు తిరగదు, వెనకున్న వెండి రంగు రింగు ఒక్కటే తిరిగి బిగుసుకుంటుంది, రాపిడి లేక అరగదు. కాకపోతే జనంలో నిలబడి ఒంటి చేత్తో మార్చడం కష్టం.

రెండింటికీ ఉమ్మడి శత్రువు ఫంగస్. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లలో తోలు కేసులో పెట్టి బీరువాలో దాచిన లెన్సు బాగుండడం అదృష్టమే. కొనేముందు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే బేరమే ఆడకండి. బాడీ వెనక మూత అంచుల్లో నల్ల స్పాంజి వేలికి అంటుకుంటే అది మార్చాలి, దానికి పెద్ద ఖర్చు కాదు. ఎఫ్3లో ఎల్‌సీడీ అంకెలు వెలిసిపోయాయేమో కూడా చూడాలి. 2001 దాకా తయారైంది కాబట్టి చచ్చిన ఎఫ్3ల నుంచి విడిభాగాలు దొరికే అవకాశం ఎక్కువ.

ఎఫ్3హెచ్‌పీ కొన్నారనుకుందాం. 50 ఎంఎం ఎలాగూ బాడీతోపాటే వస్తుంది. దానికి 105 ఎంఎం 2.5 చేర్చండి, ముఖాలకు అంతకు మించింది అక్కర్లేదు. ఉండవల్లి గుహల్లాంటి చోట్లకు 24 ఎంఎం 2.8 తర్వాత చూసుకోవచ్చు. మోటార్ డ్రైవ్ ఎండీ-4 జోలికి పోకండి. ఎనిమిది పెన్ను సెల్స్ మింగుతుంది, 36 ఫోటోల రీలుని కొద్ది సెకన్లలో తినేస్తుంది. ఇక ఇంట్లో తాతగారి న్యూ ఎఫ్-1, దాంతోపాటు ఆ 85 ఎల్ ఉన్నవాళ్లు ఇప్పటిదాకా నేను చెప్పిందంతా పక్కన పెట్టి, దానికి స్పాట్ స్క్రీన్ ఒకటి, 6 వోల్టుల బ్యాటరీలు రెండు కొనుక్కుంటే చాలు.