చేతితో చెక్కిన బాతులని అమ్మారు, చెక్కింది మిషను: డికాయ్‌లు కొనేవాళ్లు జాగ్రత్త

అమెరికాలో ఉంటూ చెక్క బాతులు, అదే డికాయ్‌లు (వేటలో అసలు బాతుల్ని రప్పించడానికి నీళ్ల మీద వదిలే బొమ్మలు), కొనే అలవాటున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రెండు నెలల క్రితం ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర 420 డాలర్లు పెట్టి మలార్డ్ (ఒక రకం అడవి బాతు) బొమ్మల జంట కొన్నాను. "మా ఇంటి వర్క్‌షాపులో పూర్తిగా చేతితో చెక్కినవి, వైట్ సీడార్, లోపల బోలు" అని ప్రకటనలో రాశాడు. వచ్చినవి మాత్రం మిషన్ మీద కాపీ తీసి, రంగులేసి పంపిన గట్టి మొద్దులు. డబ్బు తిరిగి రాలేదు.

ఎందుకు కొన్నానో చెబితేనే నా బాధ అర్థమవుతుంది. నేను రెండేళ్లుగా గరాజ్‌లో బాతులు చెక్కడం నేర్చుకుంటున్నాను. నా మొదటి బాతుకి నాలుగు నెలల వీకెండ్‌లు పట్టాయి, అది కూడా మెడ ఒక పక్కకి వాలింది. మేరీల్యాండ్‌లో హావర్ డీ గ్రేస్ డికాయ్ మ్యూజియంకి వెళ్లి ఎన్ని చూసినా అద్దం అవతల నుంచే కదా చూడటం. చేయి తిరిగినవాడు చెక్కిన బాతుని ఒళ్లో పెట్టుకుని, బుగ్గ దగ్గర కత్తి ఎటు తిప్పాడు, తోక కింద ఎక్కడ ఆపాడు అని వేలితో తడిమి నేర్చుకోవాలనుకున్నాను. ఆ కత్తి గాట్ల కోసమే అంత డబ్బు పెట్టాను.

పెట్టె తెరవగానే మొదట అనుమానం బరువుతోనే వచ్చింది. బోలు బాతు చేతికి తేలిగ్గా ఉంటుంది. ఒళ్లు రెండు ముక్కలుగా కోసి, లోపల తొలిచి, మళ్లీ అతికిస్తారు కాబట్టి నడుము చుట్టూనో, అడుగునో అతుకు గీత ఎక్కడో ఒక చోట దొరకాలి. దీనికి ఎంత వెతికినా అతుకు లేదు. వేలితో కొడితే లోపల ఖాళీ ఉన్న చప్పుడూ రాలేదు. బాత్‌టబ్‌లో వేసి చూస్తే మగ బాతు ఎడమ పక్కకి ఒరిగి అలాగే ఉండిపోయింది. నీళ్ల మీద వాడే డికాయ్‌ని తలకిందులుగా వేసినా, అడుగున కట్టిన బరువు వల్ల తిరిగి నిటారుగా లేవాలి. ప్రకటనలో "నీళ్లకి సిద్ధం" అని కూడా రాశాడు మరి.

మూడు వారాలకి హీటర్ ఉన్న గదిలో ఛాతీ మీద నిలువుగా పగులు వచ్చింది. బోలుగా తొలవడం బరువు తగ్గించడానికే కాదు. లావుపాటి చెక్క పైన ముందు ఆరి, లోపల తడి మిగిలితే పైపొర బిగుసుకుని చీలుతుంది. లోపల తొలిచి గోడ పలచన చేస్తే చెక్క అంతా దాదాపు ఒకేలా ఆరుతుంది. నాకు వచ్చిన మొద్దులో చెట్టు నడిమి భాగం కూడా ఉన్నట్టుంది, అడుగున చిన్న చిన్న వలయాలు కనిపిస్తున్నాయి. చెక్కేవాళ్లు ఆ భాగాన్ని ముందే కోసి పారేస్తారు, ఎందుకంటే పగుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి. పగులు పక్కన రంగు లేచిపోతే కింద లప్పం కనిపించింది. అంటే ఈ బాతు నాకు రాకముందే ఒకసారి పగిలింది. పూడ్చి, రంగేసి పంపాడు.

అసలు సంగతి తోక కింద బయటపడింది. అక్కడ రంగు పలచగా ఉంది. లైట్ ఏటవాలుగా పెట్టి చూస్తే సమాన దూరంలో, ఒకే లోతులో, వరసగా సన్నటి గాడులు. చేతి కత్తి అలా వెళ్లదు. చెక్క చార అడ్డం తిరిగిన చోట చేయి కూడా తిప్పుకోవాలి, అందుకే గాట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి వంకర. సమానమైన గాడులు డూప్లికేటర్ వదిలే గుర్తు. ఆ మిషన్‌లో ఒక పక్క అసలు బొమ్మ మీద మొన పాకుతుంటే, పక్కన తిరిగే కట్టర్ అదే దారిలో కొత్త దుంగని చెక్కుతుంది. తర్వాత సాండ్‌పేపర్ పట్టి నున్నగా చేస్తారు. బాతు తోక కింద మాత్రం ఆయన అది పట్టడం మర్చిపోయాడు.

అయినా నాకు పూర్తి నమ్మకం కలగలేదు. ఎవరి కష్టాన్నీ ఊరికే తప్పుబట్టకూడదని ఆయన మిగతా ప్రకటనల ఫొటోలు పెద్దవి చేసి చూశాను. నా మగ బాతు తోకకి ఎడమ పక్క రెండు చిన్న గాట్లున్నాయి, కత్తి జారి పడినట్టు, కింద కలిసేలా. ఆయన అమ్ముతున్న మరో మూడు మగ బాతులకి అదే చోట, అదే కోణంలో అవే రెండు గాట్లు. మిషన్ అసలు బొమ్మ ఒంపులతో పాటు దాని మీద జారిన కత్తి గాటుని కూడా కాపీ కొడుతుంది. ఇది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మెసేజ్ పెడితే, "ఒకే ప్యాటర్న్ మీద చెక్కుతాను, అందుకే ఒకేలా ఉంటాయి" అన్నాడు. కొత్తవాళ్లు ఈ మాట నమ్మేస్తారు, నేనూ కాసేపు నమ్మాను. కానీ ప్యాటర్న్ అంటే అట్టముక్క మీద గీసిన పక్క రూపం, పై రూపం. దాన్ని బట్టి బ్యాండ్‌సా (రంపం మిషన్) మీద దుంగ కోస్తారు. పొరపాటున జారిన గాటు ప్యాటర్న్‌లో ఉండదు. ఆ మాటే అడిగాను. "కళాఖండాలకి రిటర్న్ లేదు" అని ఒక్క ముక్క రాసి బ్లాక్ చేశాడు.

మిషన్ వాడటమే తప్పని నేను అనడం లేదు. డెట్రాయిట్‌లో మేసన్ ఫ్యాక్టరీ వందేళ్ల కిందటే లేత్ మీద బాతుల ఒళ్లు తీసి, చేత్తో రంగులేసి అమ్మింది. ఫ్యాక్టరీ సరుకని చెప్పే అమ్మింది, ఇప్పుడు వాటిని కూడా ప్రేమగా సేకరిస్తున్నారు. డూప్లికేటర్‌తో చేశానని చెప్పి 90 డాలర్లకి అమ్మితే ఎవరికీ గొడవ లేదు. చేతితో చెక్కానని అబద్ధం చెప్పినప్పుడు, నిజంగా గరాజ్‌లో కూర్చుని డ్రానైఫ్‌తో (రెండు చేతులతో లాగే కత్తి) ఒక్కో పొర తీసే మనిషి ధర ఎక్కువ చెబుతున్నట్టు కనిపిస్తాడు. నాకు ఎక్కువ కోపం వచ్చేది అక్కడే.

ఆయన ఈమధ్య "పాత బాతులు" అని కూడా అమ్మకానికి పెడుతున్నాడు, చెక్కినవాళ్ల పేరు ముద్రలతో సహా. మసాచుసెట్స్‌కి చెందిన ఎల్మర్ క్రోవెల్ చెక్కిన రెండు డికాయ్‌లు 2007లో ఒక్కొక్కటి 11 లక్షల డాలర్లకి పైగా పలికాయి కాబట్టి పాతవాటి మీద ఆశ ఎవరికైనా ఉంటుంది. ముద్ర చూసి మాత్రం డబ్బు ఇవ్వకండి, ముద్ర ఎవరైనా కొత్తగా చేయించుకోగలరు. అరుగుదల ఎక్కడుందో చూడండి. నిజంగా వేటకి వెళ్లిన బాతుకి ముక్కు కొస, నడినెత్తి, తోక అంచు, తాడు ఒరుసుకున్న చోటు అరుగుతాయి. అన్ని వైపులా ఒకేలా అరిగి ఉంటే అది సాండ్‌పేపర్ పని. వీలైతే చీకట్లో యూవీ టార్చ్ వేసి చూడండి, తర్వాత పూసిన రంగు చాలాసార్లు చుట్టూ ఉన్న రంగు కంటే వేరుగా మెరుస్తుంది.

కొనేముందు నేను అడగాల్సినవి అడగలేదు. చెక్కుతున్నప్పటి ఫొటోలు, అంటే సగం అయిన తల, రంగు పడని ఒళ్లు, తొలిచిన లోపలి భాగం ఫొటోలు అడగండి. ఇంట్లో చెక్కేవాళ్లలో చాలామంది వాటిని అడక్కుండానే సంతోషంగా పంపిస్తారు. తోక కింద, అడుగు భాగం క్లోజప్ అడగండి. వంటింటి త్రాసు మీద పెట్టి బరువు ఎంతో చెప్పమనండి.

నేను చేసిన పెద్ద పొరపాటు డబ్బు పంపిన పద్ధతి. ఫీజు మిగులుతుందని ఆయన అంటే, స్నేహితులకి పంపే పద్ధతిలో పంపేశాను. అలా పంపితే కొనుగోలుదారు రక్షణ ఉండదు. క్రెడిట్ కార్డు వాడండి. చెప్పిన సరుకు రాకపోతే, ఆ ఛార్జీ కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన తేదీ నుంచి 60 రోజుల్లోపు బ్యాంకుకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. ఫొటోలు, ప్రకటన స్క్రీన్‌షాట్ ముందే దాచుకోండి. నాతో గొడవ మొదలైన మర్నాడే ఆయన ప్రకటనలో "చేతితో చెక్కిన" తీసేసి "చేతితో ముగించిన" అని మార్చాడు. పాతదాని స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది కాబట్టి ఆ సైట్‌కి ఫిర్యాదు పెట్టగలిగాను. జవాబు ఇంకా రాలేదు.

మీలో ఎవరైనా ఈ మధ్య ఆన్‌లైన్‌లో మలార్డ్ జంట కొని ఉంటే, మగ బాతుని తిప్పి తోకకి ఎడమ పక్క ఒక్కసారి చూడండి. కింద కలిసే రెండు చిన్న గాట్లు కనిపిస్తే ఫొటో తీసి పెట్టండి, కార్డు మీద కొని ఉంటే ఆ 60 రోజులు ఎప్పటికి అయిపోతాయో ఈరోజే లెక్క చూసుకోండి.