ఐసు ఇంట్లో చేసుకోవాలా, కొనుక్కోవాలా? ఏది మేలు?

ఏప్రిల్ సగం గడిచేసరికి వరంగల్, హనుమకొండ, కాజీపేట ఇళ్లలో ఐసు మీద వాదన మొదలవుతుంది. ఫ్రిజ్ ఉండగా ఐసు కొనడం డబ్బు దండగ అని ఇంట్లో ఒకరంటారు. ఆ ట్రేలో వచ్చే నాలుగు ముక్కలు ఏ మూలకు చాలుతాయి, ఫ్యాక్టరీకి వెళ్లి ఒక దిమ్మ తెస్తే పని అయిపోతుంది కదా అని మరొకరంటారు. వాదన చివరికి డబ్బు చుట్టూనే తిరుగుతుంది. నన్నడిగితే ఇందులో డబ్బును ఆఖరున చూసుకోవచ్చు. ఎంత ఐసు కావాలి? అది నోట్లోకి వెళ్తుందా, గిన్నె బయటే ఉంటుందా? ఈ రెండూ తేలితే ఏది మేలో తెలిసిపోతుంది.

అయినా ఆ డబ్బు సంగతి ముందే వదిలించుకుందాం. ఎండాకాలంలో కుళాయి నీరు 30 డిగ్రీలకు పైనే ఉంటుంది. కిలో నీటిని అక్కడి నుంచి సున్నాకు దించి, గడ్డకట్టించి, ఫ్రీజర్ చల్లదనానికి తేవడానికి దాదాపు 500 కిలోజౌళ్ల వేడిని లాగేయాలి. ఇందులో సుమారు 334 ఒక్క గడ్డకట్టడానికే పోతాయి. మామూలు ఇంటి ఫ్రిజ్ ఈ పనిని 0.1 నుంచి 0.15 యూనిట్ల కరెంటుతో చేస్తుంది. యూనిట్ తొమ్మిది రూపాయలు అనుకున్నా కిలో ఐసుకు రూపాయి, రూపాయిన్నర. నీటి ఖర్చు లెక్కలోకే రాదు. ఇంత చవకగా ఏ దుకాణమూ ఇవ్వదు.

ఒక్క మెలిక ఉంది. రోజుకు మూడు కిలోల చొప్పున నెలంతా ఐసు పెడితే మీటర్ మీద పది పద్నాలుగు యూనిట్లు పెరుగుతాయి. మాటిమాటికీ ఫ్రిజ్ తలుపు తీసే పిల్లలుంటే ఇంకాస్త పెరుగుతాయి. మీ వాడకం నెలకు 150 దగ్గర ఉంటే దీన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ 190 దగ్గర ఊగిసలాడుతుంటే జాగ్రత్త. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద సున్నా బిల్లు అందుకుంటున్న ఇళ్లకు 200 యూనిట్లే హద్దు. అది దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. పథకంలో లేని ఇళ్లకు కూడా 200 దాటగానే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. కూలర్ రాత్రంతా తిరిగే మే నెలలో ఐసు ట్రే వల్ల హద్దు దాటారంటే, కిలో రూపాయి అనుకున్న ఐసు దుకాణం ఐసు కంటే ఖరీదవుతుంది. నెల మధ్యలో ఒకసారి మీటర్ చూసుకుంటే ఈ బాధ ఉండదు.

ఇక అసలు విషయం, ఎంత కావాలన్నది. దీన్ని గాలివాటంగా అంచనా వేయడం వల్లనే పెళ్లిళ్లలో ఐసు చాలక పరుగులు పెడతారు. ఒక గ్లాసు నిమ్మరసం, అంటే 200 మిల్లీలీటర్లను 35 డిగ్రీల నుంచి 10కి దించడానికి సుమారు 56 గ్రాముల ఐసు కావాలి. ట్రే ముక్కలు మూడు వేస్తే సరిపోతుంది. అదే 20 లీటర్ల నీళ్ల క్యాన్‌కు అయిదున్నర కిలోలు. వంద లీటర్ల మజ్జిగ డ్రమ్ముకు 28 కిలోలు. ఐసును నేరుగా నీటిలో కలిపితే వచ్చే లెక్క ఇది. పాత్ర చుట్టూ బయట పేర్చితే ఆ చల్లదనంలో కొంత గాలికి పోతుంది కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి.

ఇప్పుడు మీ ఫ్రీజర్ వైపు చూడండి. ఒక ట్రేకు పావు కిలో వస్తే గొప్ప. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో రెండు ట్రేలు, నాలుగైదు స్టీలు గిన్నెలు సర్దినా రోజుకు రెండు మూడు కిలోలు దాటదు. అది కూడా పాల ప్యాకెట్లు, చికెన్ ఇవతలికి తీసేస్తేనే. కాబట్టి ఇంటిల్లిపాది షరబత్తుకు, వచ్చిన చుట్టాల గ్లాసులకు ఇంటి ఐసు సరిపోతుంది. క్యాన్ల లెక్కలోకి వెళ్లామా, అది ఫ్యాక్టరీ పని.

ఫ్యాక్టరీ దిమ్మ ఎలా తయారవుతుందో ఒకసారి చూసినవారికి దానితో ఎలా మెలగాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. పెద్ద తొట్టి నిండా ఉప్పునీరు ఉంటుంది. అమ్మోనియాతో నడిచే యంత్రం ఆ ఉప్పునీటిని సున్నాకు పది డిగ్రీల దిగువకు తెస్తుంది, ఉప్పు ఉంది కాబట్టి అది మాత్రం గడ్డకట్టదు. అందులో రేకు డబ్బాలు వరుసగా దించి మంచినీళ్లు నింపుతారు. దిమ్మ మందాన్ని బట్టి ఒక రోజు నుంచి రెండు రోజులు పడుతుంది. మందం రెట్టింపైతే సమయం దాదాపు నాలుగింతలవుతుంది, ఎందుకంటే కట్టిన ఐసే లోపలి నీటికి దుప్పటిలా అడ్డం పడుతుంది. ఐసు అంచుల నుంచి లోపలికి పెరుగుతూ నీటిలోని లవణాలను, గాలి బుడగలను మధ్యకు నెడుతుంది. అందుకే దిమ్మ అంచులు అద్దంలా ఉండి, నడుమ తెల్లటి చార నిలువునా కనిపిస్తుంది. నీటిలో ఏదైనా మలినం ఉంటే ఎక్కువ భాగం చేరేది ఆ చారలోకే.

ఇంతవరకు తప్పు పట్టాల్సిందేమీ లేదు. చిక్కంతా డబ్బా నుంచి బయటికి వచ్చాక. తుప్పు పట్టిన డబ్బా, దిమ్మను జార్చే తడి నేల, దానిమీద నడిచిన చెప్పులు, ఇనుప కొక్కెం, ఆటోలో పరిచిన గోనె సంచి, దుకాణం ముందు బండ మీద పెట్టి సుత్తితో కొట్టడం. ఇన్ని మజిలీలు దాటి గ్లాసులో పడే ముక్క ఎంత తెల్లగా మెరిసినా దాని పుట్టుపూర్వోత్తరాలు అందులోనే ఉంటాయి. గడ్డకడితే క్రిములు చస్తాయన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. అది నిజం కాదు. టైఫాయిడ్ బ్యాక్టీరియా, కామెర్లకు కారణమయ్యే వైరస్‌లు ఐసులో బతికే ఉంటాయి, కరగగానే మళ్లీ పనిలోకి దిగుతాయి. ఐసుకు వాడిన నీరు ఎంత శుభ్రమో ఐసు అంతే శుభ్రం, అంతకు మించి ఉండదు.

దీనికోసమే దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో ఒక నిబంధన తెచ్చింది. తినడానికి ఉద్దేశించని ఐసులో నీలం రంగు కొద్దిగా కలపాలని, చూడగానే తేడా తెలియాలని. చేపలు, కూరగాయల రవాణాకు వాడే ఐసు చెరకు రసం బండి మీదకు చేరకుండా చూడటం దాని ఉద్దేశం. కాబట్టి దిమ్మలో నీలి ఛాయ కనిపిస్తే దాన్ని గ్లాసుల దరిదాపులకు రానీయకండి. రంగు లేనంత మాత్రాన మంచి ఐసే అని కూడా అనుకోవద్దు. "ఇది తాగేదాంట్లో వేసుకునేదేనా? నీళ్లు ఎక్కడివి?" అని కొనేటప్పుడు అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునే చోట కొనకపోవడమే నయం.

నా తీర్పు ఇదీ. దిమ్మ ఐసు పాత్ర బయట ఉండాలి. కూల్‌డ్రింక్ సీసాలు ముంచే టబ్బులో, పెరుగు బకెట్ చుట్టూ, నీళ్ల ప్యాకెట్ల మీద నిక్షేపంగా వాడవచ్చు. సీసా మూత తీసేముందు మాత్రం పైన తుడవాలి. మృగశిర కార్తె నాడు చేపలు కొని పక్క ఊరి చుట్టాలకు పంపేవారికి కూడా దిమ్మ ఐసే సరైనది. మెత్తగా కొట్టి, చేపల కిందా పైనా పరిచి, కరిగిన నీరు పోయేందుకు డబ్బా అడుగున చిల్లి ఉంచాలి. చేపలు ఆ నీటిలో నానితే రుచి పోతుంది. ఎటూ కడిగి ఉడికించేదే కాబట్టి ఇక్కడ ఐసు శుభ్రత గురించి గ్లాసు విషయంలో పట్టినంత పట్టు అక్కర్లేదు.

దిమ్మ తెచ్చుకునేవారు దుకాణం దగ్గరే కొట్టించుకోవద్దు. ముక్కలైన కొద్దీ గాలి తగిలే పైభాగం పెరిగి కరగడం వేగమవుతుంది. మొత్తంగా తెచ్చి, గోనె సంచిలో చుట్టి, వరి ఊకలోనో రంపపు పొట్టులోనో పూడ్చి నీడన ఉంచితే మే నెల ఎండలో కూడా సాయంత్రం దాకా నిలుస్తుంది. థర్మోకోల్ పెట్టె ఉంటే మరీ మంచిది.

నోట్లోకి వెళ్లే ఐసు మాత్రం ఇంట్లో చేసినదే కావాలి. అందులోనూ కొంత మెళకువ ఉంది. మొదటిది నీరు. బోరు నీటితో ఐసు పెడితే ముక్క కరిగాక గ్లాసు అడుగున తెల్లటి పొలుసులు తేలుతుంటాయి. చూసినవారు ఫ్రిజ్‌లో ఏదో పడిందని కంగారు పడతారు. నీరు గడ్డకట్టేటప్పుడు అందులోని సున్నం విడిపోయి అలా కనిపిస్తుంది, హాని లేదు గాని షరబత్తు చూడటానికి బాగుండదు. తాగడానికి ఏ నీళ్లు వాడతారో ఐసుకూ అవే వాడండి. కుళాయి నీళ్లయితే కాచి చల్లార్చి పోయండి. తాగేది ఫిల్టర్ నీళ్లు, ట్రేలోకి మాత్రం సింకు కుళాయి నీళ్లు పట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పొదుపు ఎవరిని ఉద్ధరించడానికో నాకు అర్థం కాదు.

రెండోది వాసన. ఐసు చుట్టుపక్కల వాసనలను పట్టేస్తుంది. మూత లేని ట్రే పక్కన ఎండు చేపల పొట్లం ఉంటే నిమ్మరసంలో చేపల వాసన ఖాయం. ట్రేలో గట్టిపడగానే ముక్కలను మూత గట్టిగా పడే డబ్బాలోకి మార్చి, మళ్లీ నీళ్లు పోయాలి. ఉదయం ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత, రాత్రి పడుకోబోయే ముందు ఒక విడత ఇలా తిప్పితే ఆదివారం చుట్టాలొచ్చే నాటికి నాలుగైదు కిలోలు సిద్ధంగా ఉంటాయి. రెండు తలుపుల ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్ ఉన్నవారికి మూత మరీ ముఖ్యం. అందులో ఫ్యాను పొడి గాలిని తిప్పుతూ ఉంటుంది కాబట్టి మూత లేని ముక్కలు రోజులు గడిచేకొద్దీ చిక్కిపోతాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి.

అద్దంలాంటి ఐసు కావాలని ముచ్చటపడేవారికి ఇంట్లోనే దారి ఉంది. నీటిని రెండుసార్లు కాస్తే చాలంటారు, దానివల్ల ఒరిగేది కొంచెమే. చపాతీలు పెట్టుకునే హాట్‌బాక్సులో నీళ్లు పోసి, మూత తీసి ఫ్రీజర్‌లో పెట్టండి. పక్కల నుంచి, కింది నుంచి చలి తగలదు కాబట్టి ఐసు పై నుంచి కిందికే కడుతుంది, బుడగలూ లవణాలూ అడుగుకు దిగుతాయి. ముప్పాతిక వంతు కట్టాక బయటికి తీసి, అడుగున మిగిలిన నీటిని పారబోస్తే పైన ఉన్నది స్వచ్ఛంగా ఉంటుంది. రోజంతా పట్టే పని, చూడముచ్చటకే తప్ప చల్లదనంలో తేడా ఏమీ ఉండదు.

సూపర్‌మార్కెట్లలో అమ్మే ప్యాకెట్ ఐసు ఈ రెంటికీ నడిమి దారి. ముద్ర, తయారీ వివరాలు ఉన్న ప్యాకెట్ అయితే గ్లాసులో వేసుకోవచ్చు. ధరలో మాత్రం ఇంటి ఐసుకు చాలా రెట్లు. హఠాత్తుగా పదిమంది దిగినప్పుడు తప్ప దాని జోలికి వెళ్లనక్కర్లేదు. ఇక వంటగది బండ మీద పెట్టుకునే చిన్న ఐసు యంత్రాలు. పది నిమిషాల్లో తొమ్మిది ముక్కలు అని ప్రకటనలో చూపిస్తారు. మన వంటగది వేడిలో అంతకంటే ఎక్కువసేపే పడుతుంది. ముక్కలు పడే గిన్నెకు చల్లదనం ఉండదు, కాసేపట్లో కరిగి మళ్లీ కింది తొట్టిలోకే చేరతాయి. చివరికి వాటిని ఫ్రీజర్‌లోనే దాచాలి. జ్యూస్ దుకాణానికైతే ఆలోచించవచ్చు, ఇంటికి అనవసరం.

రెండు పద్ధతులూ కలిసి పనిచేసే చోటు చలివేంద్రం. వంద లీటర్ల మజ్జిగకు 28 కిలోలు అన్నాం కదా. సాధారణంగా దిమ్మ తెచ్చి, కొట్టి, డ్రమ్ములో గుమ్మరిస్తారు. ఎండలో నడిచి వచ్చిన ముసలివారు, బడిపిల్లలు తాగే మజ్జిగ అది. దానికి బదులు కాలనీలో పది ఇళ్లవారు తలా రెండేసి లీటరు సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి తెస్తే దాదాపు 18 కిలోల ఐసు. అరవై లీటర్లను చల్లబరచడానికి అది చాలు. సీసాలను నిండుగా నింపకండి. గడ్డకట్టేటప్పుడు నీరు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, ఖాళీ లేకపోతే పగులుతాయి. గాజు సీసాలు అసలే వద్దు. సీసాలను బయట బాగా కడిగి డ్రమ్ములో దింపితే మజ్జిగ చల్లబడుతుంది, పలచబడదు. సాయంత్రం ఎవరి సీసా వారు తీసుకెళ్లి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.

మే నెలలో ఈదురుగాలులు వీచి రాత్రంతా కరెంటు పోయినప్పుడు కూడా ఈ సీసాలే అక్కరకు వస్తాయి. రెండు మూడు సీసాలను ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దింపి తలుపు తీయకుండా ఉంటే పాలు, పెరుగు తెల్లవారేదాకా చెడవు.

ఇక తాగే నీటి కోసమే అయితే, గొంతు జివ్వుమనక్కర్లేదు అనుకునేవారికి ఐసు పంచాయితీయే లేదు. కొత్త రంజన్ కొని, ఒక రోజు నీళ్లలో నాననిచ్చి, కిటికీ దగ్గర గాలి తగిలేచోట ఇసుక మీద పెట్టండి. ఇసుకను తడుపుతూ ఉండండి. మన వైపు ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కుండ బాగా పనిచేస్తుంది. దానికి కరెంటు అక్కర్లేదు, మీటర్ చూసుకునే పని కూడా లేదు.